మిత్రదేశంలో నాయకుడు మారితే పాత ఒప్పందాల సంగతేమిటి?

మీరు అడిగింది ఇది: ఎన్నికల్లో కొత్త అధ్యక్షుడో కొత్త ప్రధానో గెలిచాక ఆ దేశానికీ దాని మిత్రదేశాలకూ మధ్య సంబంధం నిజంగా మారుతుందా, లేక నాలుగు రోజుల వార్తల హడావుడేనా? పాత నాయకుడు పెట్టిన సంతకాలు చెల్లుతాయా? మార్పు అసలుదో కాదో ఎన్నాళ్లకు తెలుస్తుంది?

ముందు సూటిగా జవాబు చెప్తాను. మాట తీరు, చర్చల్లో కూర్చునే మనుషులు వారాల్లో మారిపోతారు. విదేశాల్లో ఉన్న సైనిక దళాలు, చట్టసభ ఆమోదం లేకుండా ఇద్దరు నాయకులు కుదుర్చుకున్న అవగాహనలు నెలల్లో మారవచ్చు. చట్టసభ ఆమోదించిన రక్షణ సంధులు, సైనిక స్థావరాలు, ఆయుధ వ్యవస్థలు మాత్రం ఒక పదవీకాలంలో కదలడం అరుదు. అందుకని కొత్త నాయకుడి స్వభావం గురించిన విశ్లేషణలు చదివే ముందు మూడు విషయాలు కనుక్కోండి: ఆ హామీ ఏ కాగితం మీద ఉంది, దాన్ని రద్దు చేయడానికి ఎవరి సంతకం సరిపోతుంది, ఎన్నాళ్ల ముందు నోటీసు ఇవ్వాలి. ఈ మూడూ తెలిస్తే సగం జవాబు చేతికొచ్చినట్టే.

సంతకాల సంగతి మొదట తేల్చేద్దాం. అంతర్జాతీయ చట్టంలో దేశం వేరు, ప్రభుత్వం వేరు. సంధి కుదుర్చుకునేది దేశం. 1969 నాటి వియన్నా సంధుల ఒడంబడిక 26వ అధికరణ ప్రకారం అమల్లో ఉన్న సంధిని ఇరుపక్షాలూ చిత్తశుద్ధితో పాటించాలి. మా దేశ చట్టం ఒప్పుకోదు అని తప్పించుకోవడం కుదరదని 27వ అధికరణ చెబుతుంది. బయటికి పోయే దారి సంధిలోనే రాసి లేకపోతే, పోవడానికి వీలున్న సందర్భాల్లో కూడా కనీసం 12 నెలల ముందు చెప్పాలని 56వ అధికరణ అంటుంది. కాబట్టి ‘అది పాత ప్రభుత్వం చేసింది, మాకు సంబంధం లేదు’ అనే మాట ఎన్నికల సభలో చెల్లుతుంది గానీ చర్చల బల్ల దగ్గర చెల్లదు.

అయితే దాదాపు ప్రతి రక్షణ సంధిలోనూ బయటికి పోయే తలుపు ఒకటి ఉంటుంది. ఆ తలుపుకు ఎంత గడువు పెట్టారన్నదే అసలు విషయం. నాటో ఒప్పందం 13వ అధికరణ ప్రకారం ఏ సభ్యదేశమైనా అమెరికా ప్రభుత్వానికి నోటీసు ఇచ్చిన ఏడాదికి బయటికి వెళ్లవచ్చు. 1949 నుంచి ఇప్పటిదాకా ఆ అధికరణను వాడిన దేశం ఒక్కటీ లేదు. 1960 నాటి అమెరికా–జపాన్ భద్రతా సంధిలోనూ, 1953 నాటి అమెరికా–దక్షిణ కొరియా రక్షణ సంధిలోనూ అదే ఏడాది గడువు. వినడానికి ఏడాది తక్కువే అనిపిస్తుంది. కానీ ఆ ఏడాదిలో చట్టసభ, సైన్యం, మిత్రదేశం, మార్కెట్లు అన్నీ ఒత్తిడి తెస్తాయి. దీనికి తోడు కొన్ని దేశాలు తమ నాయకుడి చేతుల్ని తామే కట్టేసుకుంటాయి. 2023 డిసెంబరులో అమెరికా చేసిన రక్షణ చట్టం ప్రకారం సెనేట్‌లో మూడింట రెండు వంతుల మద్దతు గానీ, కాంగ్రెస్ చేసిన చట్టం గానీ లేకుండా అధ్యక్షుడు నాటో నుంచి తప్పుకోకూడదు.

ఈ గడువు ఎలా పనిచేస్తుందో దగ్గర నుంచి చూడాలంటే ఫిలిప్పీన్స్ ఉదాహరణను మించింది లేదు. అమెరికాతో ఆ దేశానికి 1951 నుంచి పరస్పర రక్షణ సంధి ఉంది. అమెరికా సైనికులు అక్కడికి వచ్చి విన్యాసాలు చేయాలంటే కావాల్సిన నిబంధనలు మాత్రం 1998లో సంతకమైన సందర్శక దళాల ఒప్పందంలో ఉన్నాయి. దాన్ని రద్దు చేయడానికి 180 రోజుల నోటీసు చాలు. తన సన్నిహిత సెనేటర్ వీసాను అమెరికా రద్దు చేసిందన్న కోపంతో అధ్యక్షుడు దుతెర్తె 2020 ఫిబ్రవరి 11న ఆ నోటీసు పంపించారు. ఆయన 1951 సంధి జోలికి పోలేదన్నది గమనించండి. తలుపు ఎక్కడ పల్చగా ఉందో చూసి అక్కడే తన్నారు. సందర్శక దళాల ఒప్పందం పోతే సంధి కాగితం మీద మిగులుతుంది, సైనికులు మాత్రం దిగలేరు. ఆగస్టులో గడువు ముగియాల్సి ఉండగా జూన్‌లో ఆ నోటీసును ఆరు నెలలు ఆపారు. తర్వాత మళ్లీ మళ్లీ పొడిగించారు. చివరికి 2021 జులైలో పూర్తిగా వెనక్కి తీసుకున్నారు. 2022 జూన్ 30న మార్కోస్ జూనియర్ గద్దెనెక్కారు. 2023లో అమెరికా దళాలకు అందుబాటులో ఉండే స్థావరాలు 5 నుంచి 9కి పెరిగాయి. ఒకే సంధి కింద నాలుగేళ్లలో సంబంధం తెగే అంచుకు వెళ్లి, మునుపటికంటే గట్టిపడింది. పైన ఉన్న పెద్ద సంధి చెక్కుచెదరకుండా కింద ఉన్న అమలు ఒప్పందాన్ని పడగొట్టడం, ఇదే నేటి నాయకులకు అందుబాటులో ఉన్న సులువైన దారి. కాబట్టి ఎప్పుడైనా ఆ కింది కాగితాలనే ముందు చదవండి.

ఇక నాయకుడు ఒక్కడే చేయగలిగిన పనులు. సైనిక దళాల మోహరింపు అన్నిటికంటే తొందరగా మారుతుంది, ఎందుకంటే చాలా దేశాల్లో అది మంత్రివర్గ నిర్ణయం. 2004 మార్చి 11న స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ రైళ్లలో పేలుళ్లు జరిగాయి, 14న ఎన్నికల్లో జపతేరో పార్టీ గెలిచింది. ప్రధానిగా ప్రమాణం చేసిన మర్నాడే, ఏప్రిల్ 18న, ఇరాక్‌లో ఉన్న దాదాపు 1,300 మంది స్పెయిన్ సైనికుల్ని వెనక్కి రమ్మన్నారు. మే నెలలో వాళ్లు వచ్చేశారు. వాషింగ్టన్‌తో మాటలు చాలాకాలం పొడిపొడిగానే నడిచాయి. కానీ రోటా నౌకా స్థావరంలో అమెరికా ఉనికి అలాగే ఉంది. 2011 అక్టోబరులో క్షిపణి రక్షణ కోసం 4 అమెరికా యుద్ధనౌకలను అదే రోటాలో ఉంచడానికి ఒప్పుకున్నది కూడా ఇదే జపతేరో. మొదటి సంఘటన ఒక్కటే చూసినవాళ్లు ఆయన మీద వేసిన ముద్ర రెండో సంఘటనకు సరిపోదు.

ఇంతకంటే పెద్ద దెబ్బ 1966లో తగిలింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గాల్ మార్చి 7న అమెరికా అధ్యక్షుడు జాన్సన్‌కు ఉత్తరం రాసి, నాటో ఉమ్మడి సైనిక కమాండ్ నుంచి తప్పుకుంటున్నామని, ఫ్రాన్స్ నేల మీద విదేశీ దళాలు ఉండకూడదని తెలిపారు. నాటో కేంద్ర కార్యాలయం పారిస్ నుంచి బ్రసెల్స్‌కు తరలింది. అయినా ఫ్రాన్స్ ఒప్పందంలోంచి బయటికి పోలేదు, మిత్రదేశంగానే కొనసాగింది. కమాండ్‌లోకి తిరిగి రావడానికి 2009 దాకా, సర్కోజీ హయాం దాకా పట్టింది. తీసేయడానికి ఒక్క ఉత్తరం చాలింది, తిరిగి పెట్టడానికి 43 ఏళ్లు పట్టింది. నాయకత్వ మార్పు లెక్కల్లో ఈ తేడాను చాలామంది పట్టించుకోరు.

మార్పు చట్టంగా మారితే నాయకుడు పోయినా అది పోదు. న్యూజిలాండ్‌లో 1984 జులైలో డేవిడ్ లాంగీ గెలిచారు. అణ్వాయుధాలు ఉన్నాయో లేవో చెప్పబోమన్నది అమెరికా నౌకాదళ విధానం. ఆ కారణంగా 1985లో బుకానన్ అనే అమెరికా యుద్ధనౌకను ఆయన ప్రభుత్వం రానివ్వలేదు. 1986లో అమెరికా న్యూజిలాండ్ పట్ల తన భద్రతా బాధ్యతల్ని నిలిపివేసింది. 1987లో న్యూజిలాండ్ పార్లమెంటు అణురహిత చట్టం చేసింది. అక్కడితో కథ మలుపు తిరిగింది. లాంగీ దిగిపోయారు, ప్రతిపక్షం అధికారంలోకి వచ్చింది, కానీ ఆ చట్టాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది, ఎందుకంటే జనం దాన్ని తమదిగా చేసుకున్నారు. 2010లో వెల్లింగ్టన్ ప్రకటనతో సంబంధాలు కుదుటపడ్డాయి. అమెరికా యుద్ధనౌక మళ్లీ అక్కడికి వచ్చింది 2016 నవంబరులో.

దీనికి పూర్తి వ్యతిరేక దిశలో, చట్టసభ ముద్ర లేని ఒప్పందం ఎంత పెళుసుగా ఉంటుందో దక్షిణ కొరియా–జపాన్ వ్యవహారంలో కనిపిస్తుంది. ఇద్దరూ అమెరికాకు మిత్రులే, ఒకరికొకరు సంధి మిత్రులు కారు. యుద్ధకాలంలో జపాన్ సైన్యం లైంగిక బానిసత్వంలోకి నెట్టిన మహిళల విషయంలో 2015 డిసెంబరు 28న ఒక పరిష్కారం ప్రకటించారు. జపాన్ 100 కోట్ల యెన్‌లు ఇచ్చింది. ఇది ఇద్దరు విదేశాంగ మంత్రులు విలేకరుల ముందు చదివిన ప్రకటన. కొరియా పార్లమెంటు ఆమోదం లేదు, బాధిత మహిళల్ని సరిగా సంప్రదించలేదు. 2017లో మూన్ జే ఇన్ అధ్యక్షుడయ్యాక ఆ నిధితో నడిచే సంస్థను మూసేశారు. వలస పాలనలో బలవంతపు చాకిరీ మీద 2018 అక్టోబరులో కొరియా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2019 జులైలో చిప్‌ల తయారీకి కావాల్సిన మూడు రసాయనాల ఎగుమతిపై జపాన్ ఆంక్షలు బిగించింది. ఆగస్టు 22న కొరియా జపాన్‌తో ఉన్న నిఘా సమాచార మార్పిడి ఒప్పందాన్ని రద్దు చేస్తామని నోటీసిచ్చింది. నవంబరు 22న, గడువు ముగియడానికి కొన్ని గంటల ముందు, ఆ నోటీసును ఆపేసింది. 2022లో యూన్ సుక్ యోల్ అధ్యక్షుడయ్యాక, 2023 మార్చిలో అన్నీ తిరిగి గాడిన పడ్డాయి, ఆగస్టులో క్యాంప్ డేవిడ్‌లో మూడు దేశాల సమావేశం జరిగింది.

ఇందులో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, ఆ మహిళల గొంతు లేకుండా ఒప్పందం రాయడం. అది దౌత్యపరంగా కూడా తప్పే. ఎవరి పేరు మీద ఒప్పందం చేస్తున్నారో వాళ్లే ఒప్పుకోకపోతే, తర్వాత వచ్చే నాయకుడికి దాన్ని కూల్చడమే ఎన్నికల హామీ అవుతుంది.

డబ్బు సంగతికి వద్దాం, ఎందుకంటే గడువు తీరే ఒప్పందాలన్నీ ఇక్కడే ఉంటాయి. దక్షిణ కొరియాలో ఉన్న అమెరికా సైన్యం ఖర్చులో కొంత కొరియా భరిస్తుంది. ఈ లెక్క సంధిలో ఉండదు, కొన్నేళ్లకోసారి తిరగరాసే విడి ఒప్పందంలో ఉంటుంది. 2019కి 1,03,890 కోట్ల వోన్లు, అదీ ఒక్క ఏడాదికే. ఆ తర్వాతి కాలానికి ట్రంప్ ప్రభుత్వం ఏడాదికి దాదాపు 500 కోట్ల డాలర్లు అడిగింది, అంటే సుమారు 5 రెట్లు. చర్చలు ఒక కొలిక్కి రాలేదు, పాత ఒప్పందం ముగిసిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి ఆ స్థావరాల్లో పనిచేసే దాదాపు 4,000 మంది కొరియా ఉద్యోగులను జీతం లేని సెలవు మీద పంపించారు. అధ్యక్షులిద్దరూ కరచాలనం చేస్తున్న ఫొటోల్లో ఈ 4,000 ఇళ్లు కనబడవు. బైడెన్ వచ్చాక 2021 మార్చిలో, అంటే ఏడు వారాల్లోనే, 13.9 శాతం పెంపుతో 1,18,330 కోట్ల వోన్లకు కుదిరింది, 2025 చివరిదాకా. దీన్నుంచి కొరియా పాఠం నేర్చుకుంది. 2026–2030 కాలానికి కావాల్సిన తర్వాతి ఒప్పందాన్ని 2024 అక్టోబరులోనే, అమెరికా ఎన్నికలకు నెల ముందు, ముగించేసింది. గడువు ఇంకా ఏడాదికి పైగా ఉంది. అంత తొందర ఎందుకో అర్థమయ్యే ఉంటుంది. మిత్రదేశాలు నాయకత్వ మార్పును భరించడానికి వాడే పద్ధతుల్లో ముఖ్యమైనది ఇదే: ఎన్నికల ముందే గడువుల్ని ఎన్నికల అవతలికి నెట్టేయడం.

గట్టిగా హామీ ఇచ్చి గెలిచిన నాయకులు చేతులెత్తేసిన సందర్భాలు కూడా తక్కువేం కాదు. దక్షిణ కొరియా నుంచి అమెరికా పదాతి దళాలను తీసేస్తానని కార్టర్ 1976 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో మాట ఇచ్చారు. ఉత్తర కొరియా సైన్యం అనుకున్నదానికంటే పెద్దదని నిఘా సంస్థలు లెక్క తేల్చాయి, కాంగ్రెస్ అడ్డం తిరిగింది, 1979లో ఆ పథకం ఆగిపోయింది. జర్మనీ నుంచి 9,500 మందిని తీసేస్తామని 2020 జూన్‌లో ట్రంప్ ప్రకటించారు, జులైలో ఆ సంఖ్య దాదాపు 12,000కు పెరిగింది. కుటుంబాలు, బడులు, ఆసుపత్రులు, గిడ్డంగులతో కూడిన దళాన్ని కదపడానికి ఏళ్లు పడుతుంది. 2021 ఫిబ్రవరిలో బైడెన్ ఆ పనిని ఆపేశారు.

జపాన్‌లో హతొయామా యుకియో ఉదంతం వీటన్నిటికంటే వివరంగా చదవాల్సింది. జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా ద్వీపంలో జనావాసాల నడుమ ఉన్న ఫుతెన్మా అమెరికా వైమానిక స్థావరాన్ని అదే ద్వీపంలోని హెనోకోకు మార్చాలని 2006లో రెండు దేశాలు ఒప్పుకున్నాయి. ‘కనీసం ఒకినావా బయటికి మారుస్తాం’ అని చెప్పి ఆయన 2009 సెప్టెంబరులో ప్రధాని అయ్యారు. పొరపాటు ఎక్కడ జరిగింది? ఆ 2006 పథకం ఒక్క స్థావరం గురించి కాదు. 8,000 మంది అమెరికా మెరీన్ సైనికులు పసిఫిక్‌లోని అమెరికా ద్వీపం గ్వామ్‌కు వెళ్లడం, కాదెనా వైమానిక స్థావరానికి దక్షిణాన ఉన్న స్థలాలు ఒకినావాకు తిరిగి దక్కడం, ఈ రెండూ హెనోకోతో ముడిపడి ఉన్నాయి. ఒక పోగు లాగితే మొత్తం ఊడుతుంది. చేతిలో ప్రత్యామ్నాయ స్థలం లేదు. ఆలోచించిన తొకునోషిమా ద్వీపంలో జనం వ్యతిరేకించారు. 2010 మే 28న మళ్లీ హెనోకోకే ఒప్పుకుంటూ ఉమ్మడి ప్రకటన చేశారు. కూటమి పార్టీ ఒకటి బయటికి పోయింది, జూన్ 2న రాజీనామా ప్రకటించారు. ఆయన ఉద్దేశం మంచిదే, ఒకినావా ప్రజల బాధ నిజమైనదే. కానీ పాత ఒప్పందాన్ని తిరగదోడాలనుకునే కొత్త ప్రభుత్వం ముందు ప్రత్యామ్నాయం సిద్ధం చేసుకుని తర్వాత నోరు విప్పాలి. ఇక్కడ క్రమం తిరగబడింది.

నాయకుడు మారడం సంబంధానికి మందులా కూడా పనిచేస్తుంది. 1956 సూయజ్ సంక్షోభంలో బ్రిటన్ ప్రధాని ఈడెన్‌కు, అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు మాటల్లేని స్థితి వచ్చింది. 1957 జనవరిలో ఈడెన్ స్థానంలో మాక్మిలన్ వచ్చారు. ఆయనకు ఐసెన్‌హోవర్ యుద్ధకాలం నుంచి పరిచయం. మార్చిలో బెర్ముడాలో కలిశారు, 1958 జులైలో అణు సహకార ఒప్పందం కుదిరింది. ఇటీవల 2021లో ఆస్ట్రేలియా ఫ్రాన్స్‌తో ఉన్న జలాంతర్గాముల కాంట్రాక్టును రద్దు చేసి అమెరికా, బ్రిటన్‌లతో చేతులు కలిపితే ఫ్రాన్స్ తన రాయబారుల్ని వాషింగ్టన్, కాన్‌బెరాల నుంచి వెనక్కి పిలిపించింది. ఆస్ట్రేలియాలో 2022 మేలో గెలిచిన అల్బనీస్ ప్రభుత్వం మరుసటి నెలలోనే ఫ్రెంచ్ కంపెనీకి 55.5 కోట్ల యూరోల పరిహారం ఖాయం చేసి తలుపు తెరిచింది. అమెరికా, బ్రిటన్‌లతో కుదిరిన కొత్త జలాంతర్గాముల పథకాన్ని మాత్రం వదల్లేదు. క్షమాపణ చెప్పడం కొత్తవాళ్లకు సులువు, ఎందుకంటే తప్పు వాళ్లది కాదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఎన్నికల ద్వారా వచ్చిన మార్పులు. విప్లవమో సైనిక తిరుగుబాటో వచ్చి పాలన పునాదే మారితే లెక్క వేరు. 1955లో బాగ్దాద్ ఒడంబడిక అనే రక్షణ కూటమి ఇరాక్ రాజుల హయాంలో కుదిరింది. 1958 జులై 14న రాచరికం కూలింది, 1959 మార్చిలో ఇరాక్ బయటికి వెళ్లింది. బాగ్దాద్ పేరుతో పుట్టిన కూటమిలో బాగ్దాదే లేకుండా పోయింది. సెంటో అన్న కొత్త పేరుతో నడిచిన ఆ కూటమి కూడా 1979లో ఇరాన్ విప్లవం తర్వాత రద్దయింది. ఒక రాజునో ఒక చిన్న వర్గాన్నో నమ్ముకున్న మైత్రికి ఆ మనిషి ఆయుష్షే ఆయుష్షు.

రాయబారుల విషయం క్లుప్తంగా. 1961 వియన్నా ఒడంబడిక 4వ అధికరణ ప్రకారం కొత్త రాయబారి పేరుకు ఆతిథ్య దేశం ముందుగా సమ్మతి తెలపాలి, కాదంటే కారణం చెప్పనక్కర్లేదు. అమెరికాలో అధ్యక్షుడు మారగానే రాజకీయంగా నియమితులైన రాయబారులు రాజీనామా ఇస్తారు. కొత్తవాళ్లకు సెనేట్ ఆమోదం కావాలి. బెర్లిన్‌లో 2020 జూన్ నుంచి 2022 ఫిబ్రవరి దాకా అమెరికాకు పూర్తిస్థాయి రాయబారే లేరు. పని ఛార్జ్ డీ అఫైర్స్, అంటే రాయబారి లేనప్పుడు కార్యాలయ బాధ్యత చూసే అధికారి, నడిపిస్తారు, అనుభవజ్ఞులే నడిపిస్తారు. కానీ అధ్యక్షుడికి నేరుగా ఫోన్ చేయగలిగే మనిషి లేని లోటు సంక్షోభం వచ్చినప్పుడు తెలుస్తుంది. ఖాళీ కుర్చీని చూసి ‘సంబంధాలు దిగజారాయి’ అని రాసే వార్తల్ని మాత్రం నమ్మకండి. చాలాసార్లు అది సెనేట్‌లో పేరుకుపోయిన ఫైళ్ల సంగతే.

మరి ఎన్నాళ్లకు తెలుస్తుంది? మొదటి నెలలో ఫోన్ కాల్‌ల క్రమం, మొదటి విదేశీ పర్యటన చూడొచ్చు. వీటికి విలువ తక్కువ. మూడు నుంచి ఆరు నెలల మధ్య ఇరుదేశాల రక్షణ, విదేశాంగ మంత్రుల సమావేశం జరిగిందా, ఏటా చేసే సైనిక విన్యాసాలు అదే స్థాయిలో జరిగాయా చూడండి. అన్నిటికంటే నమ్మదగింది కొత్త ప్రభుత్వం సొంతంగా తయారుచేసిన మొదటి బడ్జెట్. అది రావడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. అంతకుముందున్న బడ్జెట్ పాత ప్రభుత్వానిదే కాబట్టి దాన్ని చూసి తీర్పు చెప్పకండి.

ఇంకో పని ఎవరైనా ఇంట్లో కూర్చుని చేయవచ్చు. పాత ఉమ్మడి ప్రకటన, కొత్త ఉమ్మడి ప్రకటన పక్కపక్కన పెట్టుకుని వాక్యం వాక్యం పోల్చండి. జపాన్ ఇందులో అందరికీ గురువు. జపాన్ పాలనలో ఉన్న, చైనా తనవని చెప్పుకునే సెంకాకు దీవులకు అమెరికా–జపాన్ భద్రతా సంధిలోని ఉమ్మడి రక్షణ అధికరణ, అంటే 5వ అధికరణ, వర్తిస్తుందని 2014 ఏప్రిల్‌లో ఒబామా అన్నారు. 2017 ఫిబ్రవరిలో ట్రంప్–అబే ప్రకటనలో అదే వాక్యం. 2020 నవంబరులో ఇంకా ప్రమాణం కూడా చేయని బైడెన్ నోట అదే మాట. 2025 ఫిబ్రవరిలో ట్రంప్–ఇషిబా ప్రకటనలో మళ్లీ అదే. సంధి మారలేదు, అయినా ప్రతి కొత్త అధ్యక్షుడి చేతా ఆ ఒక్క వాక్యం మళ్లీ చెప్పించుకోవడానికి తోక్యో అధికారులు నెలల తరబడి పనిచేస్తారు.

ఆశించిన వాక్యం కనబడకపోతే కంగారుపడి తెగదెంపులని తీర్మానించకండి. 2017 మే 25న బ్రసెల్స్‌లో నాటో నేతల ముందు మాట్లాడిన ట్రంప్ ఉమ్మడి రక్షణ అధికరణకు కట్టుబడి ఉన్నామన్న మాట నేరుగా చెప్పలేదు. యూరప్ రాజధానుల్లో కలకలం రేగింది. జూన్ 9న రొమేనియా అధ్యక్షుడి పక్కన నిలబడి ఆ మాట అన్నారు. కాబట్టి రెండు మూడు వారాలు ఆగి, అదే వాక్యం రక్షణ మంత్రి నోటా విదేశాంగ మంత్రి నోటా వస్తోందో లేదో గమనించండి. ముగ్గురూ ఆ మాట దాటేస్తుంటే, అప్పుడు ఆ దేశంతో ఉన్న అమలు ఒప్పందాల్లో ఏది తొందరగా గడువు తీరుతుందో వెతకండి. తర్వాతి గొడవ చాలావరకు దాని దగ్గరే మొదలవుతుంది.